మాస్కుతో నిద్ర: చీపురుపల్లిలో ఒక సంవాదం

నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి, నాలుక మొదలు వెనక్కి జారి, ఊపిరి దారి పూర్తిగా గానీ చాలావరకు గానీ మూసుకుపోవడం, కనీసం పది సెకన్లు గాలి ఆడక రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, అంతలో మెదడు ఉలిక్కిపడి మనిషిని కొద్ది క్షణాలు పైపైన మేల్కొలిపి, ఊపిరి అందగానే మళ్లీ నిద్రలోకి విడిచిపెట్టడం, ఇదంతా రాత్రి పొడవునా తిరిగి తిరిగి జరుగుతుంటే ఆ స్థితిని వైద్యులు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. ఇలాంటి అంతరాయాలు గంటకు సగటున ఎన్ని వస్తున్నాయో చెప్పే అంకెకు ఏహెచ్ఐ అని పేరు. అది 5 దాటితే వ్యాధి స్వల్పమనీ, 15 దాటితే మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ లెక్క. రోగికి ఇవేవీ గుర్తుండవు. పక్క మంచం మీదివారికి పెద్ద గురక, మధ్యలో భయపెట్టే నిశ్శబ్దం, ఆ వెంటనే ఉక్కిరిబిక్కిరైన శబ్దం వినిపిస్తాయి. రోగికి తెల్లవారాక తలనొప్పి, పగలంతా కునికిపాట్లు మిగులుతాయి.

దీనికి ప్రధాన చికిత్స సీప్యాప్ అనే యంత్రం. అది గదిలోని గాలినే వడగట్టి లోపలికి తీసుకొని, కొద్దిపాటి ఒత్తిడితో ఒక గొట్టం గుండా ముక్కు మీది మాస్కులోకి పంపుతుంది. ఆ గాలి ఒత్తిడి గొంతు దారి మూసుకుపోకుండా లోపలి నుంచి ఊతగా నిలుస్తుంది. మందుబిళ్ల మింగితే దాని పని అది చేసుకుపోతుంది గానీ, ఈ చికిత్స మాత్రం రోగి మాస్కు పెట్టుకొని నిద్రపోగలిగితేనే పనిచేస్తుంది. వేల రూపాయలు పోసి కొన్న యంత్రం నెల తిరక్కుండా అటకెక్కడం తరచుగా జరిగేది ఇందువల్లనే.

మాస్కుతో నిద్రపోవడం నేర్చుకోదగిన విద్యా, లేక శరీరం మీద బలవంతమా అనే ప్రశ్నను పరిశీలించడానికి ఇక్కడ ఇద్దరు కల్పిత వక్తలను ఎదురెదురుగా నిలపడమైనది. ఒకరు విజయనగరం జిల్లా చీపురుపల్లిలో స్థిరపడిన, పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు; ఆయన ఏహెచ్ఐ 30 దాటింది, యంత్రం ఇంటికి వచ్చింది, వాడకం సాగలేదు. రెండవవారు ఆయన మేనకోడలు, విశాఖపట్నంలో శ్వాసకోశ వైద్యురాలు.

మాస్టారు: ఆకలి, నిద్ర ఒకరు నేర్పగా వచ్చినవి కావమ్మా. అరవై ఏళ్లు దాటిన మనిషి ముఖానికి రబ్బరు తొడిగి, తల చుట్టూ పట్టీలు బిగించి, ముక్కులోకి గాలి కొడుతూ, ఇక నిద్రపొమ్మనడం ఏం న్యాయం? గురకపెట్టినా రాత్రి ఆరు గంటలు పడుకొనే మనిషి, మాస్కు పెట్టిన నాటి నుంచి గడియారం చూస్తూ కూర్చుంటున్నాడు. ఉన్న నిద్రను పోగొట్టేదాన్ని నిద్రకు మందు అనడం ఎలా పొసగుతుంది?

వైద్యురాలు: నిద్ర ఎవరూ నేర్పనిదే, మావయ్యా, ఎక్కడ, ఎలా, ఏ దిండు మీద అనేది మాత్రం ప్రతివారూ నేర్చుకున్నదే. ఉయ్యాల అలవాటైన బిడ్డ మంచం మీద పడుకోదు, రైల్వే క్వార్టర్లలో పెరిగినవారికి గూడ్సుబండి చప్పుడు వినిపించనే వినిపించదు. ఏ గుర్తులు చుట్టూ ఉంటే నిద్ర రావచ్చునో మెదడు పోగుచేసుకుంటుంది. మాస్కును ఆ గుర్తుల్లో ఒకటిగా చేర్చవచ్చు. అయితే మొట్టమొదటిసారి దాన్ని రాత్రి పది గంటలకు, దీపం ఆర్పాక, నిద్ర కోసం ఆరాటపడే వేళ పెట్టుకుంటే, మెదడు నేర్చుకొనే పాఠం తలకిందులవుతుంది. మాస్కు అంటే పెనుగులాట అని అది గుర్తుపెట్టుకుంటుంది. తప్పు మాస్కుదీ కాదు, రోగిదీ కాదు, మొదలుపెట్టిన వేళది.

మాస్టారు: వేళదే తప్పయితే, దీన్ని కనిపెట్టినప్పుడు మొదటి రోగి మొదటి రాత్రే ఎలా నిద్రపోయాడు?

మాస్టారు ప్రస్తావించిన చరిత్ర ఇది. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు, వాక్యూమ్ క్లీనరు మోటారు వంటి గాలి ఊదే యంత్రాన్ని వాడి, రోగి ముఖానికి అచ్చు తీసి చేసిన మాస్కును సిలికోన్ జిగురుతో ముక్కుకు అతికించి, ఈ చికిత్సను మొదటిసారి ప్రయోగించాడు. అయిదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి. అంతకు ముందు తీవ్రమైన ఆప్నియాకు ఉన్న గట్టి చికిత్స ఒక్కటే: గొంతు ముందు భాగంలో రంధ్రం చేసి, గొట్టం అమర్చి, ఊపిరికి కొత్త దారి కల్పించే శస్త్రచికిత్స. మొదటి రోగి ఆ కోతకు ఒప్పుకోక ఈ గాలి ప్రయోగానికి ఒప్పుకున్నవాడు. గాలి ఒత్తిడి అందిన రాత్రి అతను గాఢంగా నిద్రపోయాడు.

వైద్యురాలు: ఆ ఉదాహరణలో వదిలేస్తున్నది ఒకటుంది, మావయ్యా. ఆ మనిషి ఏళ్ల తరబడి సరైన నిద్ర లేక అలసిపోయినవాడు. ఒత్తిడి అందగానే నిద్ర తన్నుకొచ్చింది. అంతకంటే ముఖ్యమైనది, ఆ రాత్రంతా అతని పక్కన వైద్యులు మెలకువగా కూర్చున్నారు. ఒత్తిడి ఎంత ఉండాలో వాళ్లే తిప్పి చూశారు, జిగురు సందుల్లోంచి గాలి పోతే వాళ్లే సరిచేశారు. చీపురుపల్లిలో యంత్రం కొన్న మనిషికి అట్టపెట్టె ఒకటి, అచ్చుపుస్తకం ఒకటి చేతికొస్తాయి. పక్కన కూర్చొనేవారు లేరు.

ఈ సమాధానం సంవాదాన్ని అసలు చోటికి తెచ్చింది. మాస్కుతో నిద్ర రాలేదని చెప్పే రోగిలో ఓపిక లేదని తీర్పు చెప్పడం తేలిక. చాలామంది విషయంలో లోపించేది మాత్రం నేర్పేవారు. ఈ వ్యాసం పక్షం అదే.

మాస్టారు: పక్కన ఎవరున్నా, ఊపిరి వదిలేటప్పుడు ఎదురుగా గాలి తోసుకొస్తుంటే ఊపిరాడనట్టే ఉంటుంది. భౌతికశాస్త్రం చెప్పిన మనిషికి ఒత్తిడి అంటే ఏమిటో తెలియక కాదు.

వైద్యురాలు: భౌతికశాస్త్రంలోనే లెక్క వేయండి. ఈ యంత్రాల ఒత్తిడిని నీటి మట్టపు సెంటీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా 4 నుంచి 20 దాకా ఉంటుంది. వాతావరణ పీడనం అదే కొలతలో వెయ్యి పైచిలుకు. అంటే 10 దగ్గర నడిచే యంత్రం వాతావరణ పీడనానికి వందో వంతు మాత్రమే అదనంగా ఇస్తోంది. గ్లాసుడు నీళ్లలో గొట్టం ముంచి బుడగలు ఊదితే ఛాతీకి తగిలే బరువు ఎంతో, ఇదీ అంతే. మెదడు మాత్రం దాన్ని ఉక్కిరిబిక్కిరిగా చదువుకుంటుంది, ఎందుకంటే ముఖం మీద మూత పడితే ఊపిరి పోతుందని హెచ్చరించడం దాని పుట్టుస్వభావం. ఆ హెచ్చరికను వాదించి ఆపలేము, నిద్ర ప్రసక్తి లేని పగటిపూట పదే పదే అబద్ధమని చూపించి ఆపాలి.

పగటి సాధన అని వైద్యురాలు చెబుతున్న దానిని కొంత విడమరిచి చూడవలసి ఉంది, ఎందుకంటే పుస్తకాల్లో ఒక వాక్యంతో దాటవేసేది, రోగి పూర్తిగా తడబడేది ఇక్కడే. మొదట యంత్రం ఆపి ఉండగానే, పట్టీలు తగిలించకుండా, మాస్కును చేత్తో ముక్కుకు ఆనించి పట్టుకొని, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలనన్న ధీమా చేతిలో ఉండగా కొద్ది నిమిషాలు ఊపిరి తీయాలి. ఆ తరువాత యంత్రం వేసి, గాలి వస్తుండగా అదే పని చేయాలి. అది బెరుకు లేకుండా సాగాక పట్టీలు తగిలించుకొని, కుర్చీలో కూర్చొని పేపరు చదువుతూనో, టీవీ చూస్తూనో అరగంట, ముప్పావుగంట గడపాలి. ధ్యాస మాస్కు మీద ఉండకూడదు, అందుకే చేతికీ కంటికీ వేరే పని. అటుపిమ్మట మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక కునుకు తీయాలి. రాత్రి వంతు ఆ తరువాతే. ఏ మెట్టు దగ్గర గుండె దడదడలాడితే ఆ మెట్టు దగ్గరే ఆగి, దడ తగ్గేదాకా ఉండి, అప్పుడు తీయాలి. భయం ఎక్కువైన క్షణాన మాస్కు లాగి పారేస్తే, తీసినందువల్లే బతికానన్న తప్పుడు పాఠం మెదడుకు చేరుతుంది. ఒకరికి ఇదంతా మూడు రోజుల్లో అవుతుంది, ఇంకొకరికి మూడు వారాలు పడుతుంది.

మాస్కు బిగింపు కూడా చాలామంది కూర్చొని, యంత్రం ఆపి చూసుకుంటారు, అది పొరపాటు. పడుకున్నప్పుడు చెంపలు పక్కకు జారి ముఖం ఆకారం మారుతుంది. వెల్లకిలా పడుకొని, గాలి పూర్తి ఒత్తిడితో వస్తుండగా, ముక్కు మీది మెత్తను ఒక్కసారి ముఖం నుంచి పైకి లాగి వదిలితే అది గాలితో ఉబ్బి తనంతట తాను సర్దుకుంటుంది. అప్పుడు పట్టీల కింద వేలు దూరేంత వదులు ఉంచి బిగించాలి. గాలి కళ్లవైపు చిమ్ముతుంటే పట్టీని ఇంకా బిగించడం అందరికీ తోచే పని, కానీ బిగించిన కొద్దీ మెత్త ముడతపడి గాలి ఇంకా ఎక్కువ పోతుంది, తెల్లవారేసరికి ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ముఖానికి నూనె రాసుకొని పడుకొనే అలవాటున్నవారి మాస్కు జారిపోతుంది. గుబురు మీసం ఉన్నవారికి పై పెదవి దగ్గర సందు మిగిలిపోతుంది.

మాస్టారు: ఇంత చేసినా మాస్కు ముందున్న సన్నని రంధ్రాల్లోంచి గాలి బుస్సుమని పోతూనే ఉంటుంది. దానికి గుడ్డ చుడితే తప్పన్నారట. కొన్న రోజునే లీకవుతున్న వస్తువును ఎవరు నమ్ముతారు?

వైద్యురాలు: అవి లీకులు కావు, కావాలని పెట్టినవి. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయే దారి అదొక్కటే. దాన్ని గుడ్డతో మూస్తే విడిచిన గాలినే మళ్లీ పీల్చవలసి వస్తుంది. ఈ ఒక్క మాట యంత్రం ఇచ్చిన రోజున చెప్పి ఉంటే గుడ్డ చుట్టే అవసరమే రాదు. ఇక మొదట్లో ఒత్తిడి మొత్తం ఒక్కసారిగా రాకుండా, తక్కువతో మొదలై మెల్లగా పెరిగే ర్యాంప్ అనే ఏర్పాటు ఉంది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కొంచెం తగ్గే ఏర్పాటూ చాలా యంత్రాల్లో ఉంది. రెండూ తెరిచి పెట్టి ఇవ్వవలసింది అమ్మినవారే.

మాస్టారు: సరే, పరికరం సంగతి పక్కన పెడదాం. అసలు దీనివల్ల ఒరిగేది ఏమిటి? గుండెజబ్బు, పక్షవాతం రాకుండా ఆపుతుందని భయపెట్టి అమ్ముతున్నారు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సేవ్ అనే పెద్ద అధ్యయనం ఏం చెప్పింది? భారతదేశంతో సహా ఏడు దేశాల్లో, అప్పటికే గుండెజబ్బో మెదడు రక్తనాళాల జబ్బో ఉన్న 2,700 మందికి పైగా ఆప్నియా రోగులను సగటున మూడున్నరేళ్లకు పైగా గమనిస్తే, యంత్రం వాడినవారికీ వాడనివారికీ గుండెపోట్లలో, పక్షవాతంలో తేడా కనిపించలేదు. దానికి జవాబేది?

వైద్యురాలు: అంకెలన్నీ నిజమే, దాచవలసింది ఏమీ లేదు. గుండెపోటు రాదని హామీ ఇచ్చి ఈ యంత్రాన్ని అంటగట్టేవారు చేస్తున్నది తప్పే. అయితే అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. యంత్రం ఇచ్చినవారు దాన్ని రాత్రికి సగటున వాడింది 3.3 గంటలు. అంటే సగం రాత్రి చికిత్స అందలేదు. పైగా గొంతు ఎక్కువగా మూసుకుపోయేది కలల నిద్రలో, కళ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశలో. ఆ దశ తెల్లవారుజాము వైపే ఎక్కువ. రాత్రి రెండు గంటలకు మాస్కు తీసి పక్కన పెట్టినవారు తేలికైన గంటలకు చికిత్స తీసుకొని, గడ్డు గంటలను వదిలేస్తున్నారు. అంత తక్కువ వాడకంలోనూ పగటి మత్తు తగ్గిందని, మనసు తేరుకుందని, బతుకు నాణ్యత మెరుగుపడిందని ఆ అధ్యయనమే చెప్పింది. విజయనగరం–పాలకొండ రోడ్డు మీద మోటారుసైకిలు నడిపే మనిషికి పగటి కునుకు తప్పడం చిన్న లాభమా?

ఇక్కడ వైద్యురాలి వాదంలో ఒక ఖాళీని గుర్తించాలి. ఎక్కువ గంటలు వాడి ఉంటే గుండెకు మేలు జరిగేదని ఆ అధ్యయనం నిరూపించలేదు. వాడకం తక్కువన్నది వాస్తవం, ఎక్కువ వాడితే ఫలితం మారేదన్నది అనుమానం మాత్రమే. నిద్రమత్తు, గురక, పొద్దుటి తలనొప్పి, అదుపుకు రాని రక్తపోటు ఉన్న రోగికి యంత్రం వాడమని చెప్పడానికి ఆ బాధలే చాలినంత కారణం. దానికి మించిన వాగ్దానం అనవసరం.

మాస్టారు: ఇంకో మాట, వైద్యులు లెక్కలోకి తీసుకోనిది. 2020, 2021లలో కరోనా కాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో ముఖానికి మాస్కూ గొట్టమూ పెట్టారంటే ఆ మనిషి ఇంటికి రాడనే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు అదే రూపం ఇంట్లో మంచం మీద కనిపిస్తే భార్యకూ పిల్లలకూ ఎలా ఉంటుంది? మార్చిలో కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర వస్తుంది. ఇల్లంతా చుట్టాలు, హాల్లో వరసగా చాపలు. అందరి మధ్యా ఇది తగిలించుకొని పడుకోగలరా ఎవరైనా?

వైద్యురాలు: ఈ అభ్యంతరం నిజమైనది, మావయ్యా, దీన్ని మొండితనమని కొట్టేసే వైద్యుల వల్లే సగం యంత్రాలు మూలపడుతున్నాయి. ఇది ఆక్సిజన్ కాదనీ, గది గాలేననీ, ఆఖరి ఘడియ గుర్తు కాదనీ అత్తయ్యకూ పిల్లలకూ ముందు చెప్పాలి. మాస్కును పగటిపూట వాళ్ల చేతికిచ్చి, వాళ్ల ముక్కుకు ఆనించి చూడనివ్వాలి. చుట్టాల విషయానికొస్తే, గ్యాంగ్ లీడర్ పాటలు తెలియని ఇల్లు ఇక్కడ ఉండదు. వాటికి సంగీతం ఇచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో చనిపోయినప్పుడు, కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని ఆయనకు చికిత్స చేసిన ఆసుపత్రే ప్రకటించింది. గురకను గాఢనిద్రకు గుర్తుగా మెచ్చుకొనే ఇళ్లల్లో ఆ వార్త చెప్పి, ఈ మాస్కు ఎందుకో చెబితే నవ్వేవారు ఉండరు.

మాస్టారు: నవ్వకపోవచ్చు. కరెంటు పోతే? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో రోజుల తరబడి దీపం లేదు. తుపాన్లు వద్దన్నా, ఎండాకాలంలో కోతలు తప్పవు.

వైద్యురాలు: కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది, నిద్రపోతున్నవారు మేలుకుంటారు, మాస్కు తీసి మళ్లీ పడుకుంటారు, ముక్కు మాస్కు వాడేవారికి ఊపిరాడక ప్రమాదం ఏర్పడదు, ఆ పూటకు పాత జబ్బు తిరిగొస్తుంది, అంతే. గాలిని వెచ్చబరిచి తేమ కలిపే భాగాన్ని ఆపేస్తే యంత్రం తినే విద్యుత్తు చాలా తక్కువ, ఇంటి ఇన్వర్టరు మీదే రాత్రంతా నడుస్తుంది. ఈ తీరప్రాంతపు ఉక్కపోతలో చాలా నెలలు ఆ తేమ భాగం అక్కరే ఉండదు. తుపాను రోజులకు తల వైపు ఎత్తు పెంచి, పక్కకు తిరిగి పడుకోవడమే దారి.

మాస్టారు: పక్కకు తిరిగి పడుకుంటే సరిపోయేటప్పుడు, బరువు తగ్గితే సరిపోయేటప్పుడు, ఈ గొట్టాలెందుకు?

వైద్యురాలు: స్వల్పంగా ఉన్నవారిలో కొందరికి సరిపోతుంది. బరువు పదో వంతు తగ్గితే ఏహెచ్ఐ సుమారు నాలుగో వంతు తగ్గుతుందని 2000లో అమెరికాలో వెలువడిన పరిశీలన తెలిపింది. 40 ఉన్న అంకె ఆ లెక్కన 30కి దిగుతుంది. మేలే, కానీ జబ్బు పోలేదు. బరువు తగ్గించే పని ఏడాదిది, మాస్కు ఈ రాత్రిది. రెండూ కలిపి నడవాలి. సాయంత్రం మద్యం పుచ్చుకోవడం, వైద్యుణ్ని అడగకుండా నిద్రమాత్ర వేసుకోవడం రెండూ గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి కాబట్టి ఆ దారిలో నిద్ర తెచ్చుకోరాదు.

రాత్రి సాధన గురించి కూడా వైద్యురాలు చెప్పిన నియమం ఒకటి పేర్కొనాలి. మాస్కు పెట్టుకొని పడుకున్నాక ఇరవై నిమిషాలు దాటినట్టు అనిపించినా కునుకు రాకపోతే, మంచం మీద దొర్లకుండా లేచి, మాస్కు తీసి, మసక వెలుతురులో ఇంకో చోట కూర్చొని, కళ్లు బరువెక్కాక మళ్లీ వచ్చి మాస్కు తగిలించుకొనే పడుకోవాలి. మాస్కు లేకుండా ఒక్క కునుకు తీసి తరువాత పెట్టుకుందామన్న బేరం పనికిరాదు; మంచానికీ మాస్కుకూ ముడి పడడానికి అదే అడ్డు. నిద్రలో తెలియకుండా తీసేయడం మొదటి వారాల్లో చాలామందికి జరుగుతుంది. మెలకువ వచ్చినప్పుడు చిరాకుపడకుండా తిరిగి పెట్టుకోవడమే చేయదగిన పని. దోమతెర వాడే ఇళ్లలో గొట్టాన్ని తెర అంచు కిందుగా తల వెనుక నుంచి తెచ్చుకుంటే, పక్కకు దొర్లినప్పుడు మాస్కు లాగినట్టు ఉండదు.

మాస్టారు: ఇవన్నీ ఒప్పుకుంటే, అసలు అభ్యంతరం ఇంకా గట్టిపడుతుంది. ఇది విద్య అయితే దానికి బడి ఎక్కడ? విశాఖపట్నం సుమారు 90 కిలోమీటర్లు. పట్టీ ఎంత బిగించాలో అడగడానికి ఒక పూట రైలు, ఒక పూట ఆసుపత్రి. 2022లో చీపురుపల్లి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, 2023లో విజయనగరానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మాస్కు పెట్టుకోవడం నేర్పే మనిషి మాత్రం దగ్గర్లో లేడు. చదువు చెప్పకుండా పరీక్ష పెట్టి, తప్పిన పిల్లవాణ్ని మొద్దు అనడం ఏ ఉపాధ్యాయుడూ చేయరాదు.

వైద్యురాలు: అక్కడ ఎదురువాదం లేదు, మావయ్యా. మొదటి వారంలో వాడకం ఎలా సాగిందో చూస్తే తరువాతి నెలలు ఎలా ఉంటాయో చాలావరకు తెలిసిపోతుంది. అందువల్ల నేర్పే మనిషి కావలసింది ఆ వారంలోనే, ఆరు నెలలకు వచ్చే పరీక్షలో కాదు. దానికి పెద్ద వైద్యుడే అక్కరలేదు. రెండు మూడు రకాల మాస్కులు దగ్గరుంచుకొని, రోగిని పడుకోబెట్టి, బిగింపు చూసి, పగటి సాధన చేయించగలిగేలా శిక్షణ పొందిన నర్సు వారానికి ఒక పూట డివిజన్ కేంద్రంలో కూర్చుంటే చాలు.

మాస్టారు: ఆ నర్సు వచ్చేదాకా?

వైద్యురాలు: యంత్రంలోనే రాత్రికి ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత పక్కకు పోయిందో, మిగిలిన ఏహెచ్ఐ ఎంతో నమోదవుతుంది, ఉదయాన్నే తెర మీద చూసి ఫోనులో చెప్పవచ్చు.

మాస్టారు పగటి సాధనకు సమ్మతించారు, ఒక షరతు మీద: నెల పూర్తయ్యేదాకా గంటల లెక్క చూసి ఎవరూ ఆయన్ను మందలించరాదు. వైద్యురాలు ఒప్పుకొని తన షరతు చెప్పింది: మొదటి వారం చివర చూడవలసింది పక్కకు పోయే గాలి అంకెను, అది ఎక్కువగా ఉంటే ముందు మాస్కు సైజునో రకాన్నో మార్చాలి తప్ప, అది తేలకుండా ఒత్తిడి పెంచరాదు, నిద్రపట్టలేదని యంత్రాన్ని అటక మీద పెట్టనూరాదు.